తండ్రుల పేర్ల కింద ఎర్ర గీత

ఏజెన్సీలో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలకు కొత్తగా పోస్టింగ్ వచ్చిన టీచర్లు ఈ మధ్య నాకు ఫోన్ చేస్తున్నారు. నా నంబరు ఎవరో పంచిపెడుతున్నట్టున్నారు. అందరూ మొదట అడిగేది ఒకటే: "మేడమ్, అక్కడ సిగ్నల్ ఉంటుందా?" మా రోజుల్లో మొదటి ప్రశ్న "నీళ్లుంటాయా?" అని. దీన్నిబట్టి ఆ ప్రాంతం బాగుపడిందనే అనుకుంటున్నాను. సిగ్నల్ సంగతి చివర్లో చెబుతాను. ముందు ఉద్యోగం సంగతి చెప్పనివ్వండి.

మాది విజయనగరం పక్క పల్లపు ఊరు. బీయెస్సీ లెక్కలు చదివాను. ముంచింగిపుట్టు అవతల, ఒడిశా సరిహద్దు కొండల్లో, ఒక ఆడపిల్లల బడిలో లెక్కల టీచరుగా చేరి, అక్కడే హెడ్మిస్ట్రెస్‌నై, వార్డెన్ పని కూడా నెత్తినేసుకుని, ఇరవై రెండేళ్ల తర్వాత కొండ దిగాను. ప్రమోషన్ల గురించి రాయను. వాటిలో నా ప్రతిభ కన్నా, ఇంకెవరూ ఆ కొండెక్కడానికి ఒప్పుకోకపోవడమే ఎక్కువ పనిచేసింది.

బడి ఎవరు నడుపుతారు

బీయీడీలో మాకు బోధనోపకరణాల గురించి ఒక పేపరు ఉండేది. నేను మొదటి నెలలో వాడిన బోధనోపకరణాలు పేన్ల దువ్వెన, గజ్జి మందు, చలిజ్వరం మాత్రలు. నల్లబల్ల దగ్గరికి చేరేసరికి రెండో నెల వచ్చింది.

రికార్డుల ప్రకారం బడికి పెద్ద హెడ్మిస్ట్రెస్. వాస్తవానికి పెద్ద, వంటచేసే సుక్రమ్మ. అక్కడి కొండ ఊరి మనిషి. ఒక్క అక్షరం రాదు. రెండు వందల మంది పిల్లల్లో ఎవరిది ఏ ఊరో, ఎవరి తల్లి ఎందుకు అలిగిందో, ఎవరు కారం తినరో ఆమెకు తెలుసు. నేను చేరిన వారంలో మూడో తరగతి పిల్ల ఒకతి ఆగకుండా ఏడుస్తుంటే, ధైర్యం గురించి ఏదో చెప్పబోయాను. సుక్రమ్మ గరిటె అడ్డం పెట్టింది.

"అది ఏడిసేది నీ లెక్కలకి కాదు టీచరమ్మా. ఆదివారం ఆల అమ్మ రాలేదు. ఏడవనీ. ఏడిసినాక తింటాది."

ఏడిసింది. తిన్నది. ఐదో తరగతిలో వంద మీటర్ల పరుగుపందెంలో మొదటొచ్చింది కూడా. బాల్య మనస్తత్వ శాస్త్రంలో నాకు అంతకు మించిన పాఠం ఎవరూ చెప్పలేదు.

ఆ కొండల్లో పుట్టిన వారాన్ని బట్టి పేర్లు పెడతారు. సోమవారం పుడితే సోంబారి, బుధవారం పుడితే బుద్రి, శుక్రవారం పుడితే సుక్రి. నేను హాజరు పిలిస్తే వారం మొత్తం లేచి నిలబడేది.

నాకు ముందున్న హెడ్మిస్ట్రెస్ రిటైరై వెళుతూ, తాళాలతో పాటు ఒక్క మాట ఇచ్చింది: "ఇక్కడ ఎవరికీ ఏదీ రాసివ్వకు." ముప్పై ఏళ్లు చేసి అలసిపోయిన మనిషి కదా, బద్ధకం కొద్దీ అంటోందనుకున్నాను. నా చేతిరాత బాగుంటుంది. ఆ మాట చెవిన పెట్టకపోవడానికి అది కూడా ఒక కారణం.

వరండాకు వచ్చే చుట్టాలు

మా బడి వరండా అంటే రెండు పక్షాలకూ మోజు. పోలీసులు వచ్చేవారు. అడవిలో తుపాకులు పట్టినవాళ్లు, ఊళ్లవాళ్లు 'అన్నలు' అనేవాళ్లు, వాళ్లూ వచ్చేవారు. ఇద్దరూ నీళ్లు తాగేవారు. ఇద్దరూ పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టి ఆడపిల్లల చదువు ఎంత ముఖ్యమో చెప్పేవారు. నేను ఇద్దరితోనూ ఏకీభవించాను. పోయేముందు ఇద్దరూ అడిగేది కూడా ఒకటే: "నిన్న ఇక్కడికి ఎవరొచ్చారు?" మా పిల్లలు ఇద్దరికీ ఒకే జవాబిచ్చేవారు: "మేం లెక్కలు చేసుకుంటన్నాం సార్." చెప్పినన్ని లెక్కలు నిజంగా చేసి ఉంటే మా రిజల్ట్స్ ఇంకా బాగుండేవి.

ఆ పిల్లల్ని చూసి నేను నేర్చుకున్నది చాలా ఉంది. ఎక్కడో కొండ అవతల పేలుడు వినపడితే మా పాత కప్పు అదిరి సున్నం రాలేది. భోజనాల వేళ అయితే, చిన్నపిల్లలు టక్కున పళ్లెం మీద చెయ్యి కప్పి, దుమ్ము సర్దుకునేదాకా ఆగి, మళ్లీ తినేవారు. శబ్దం సంగతి వాళ్లు పట్టించుకునేవారు కాదు. అన్నంలో సున్నం పడకూడదు, అంతే. నేను ఆ సరికి గరిటె కింద పడేసి ఉండేదాన్ని.

ఇక బుద్రి. పాంగి బుద్రి, తేనెపుట్టు ఊరు, పదో తరగతి. బడినుంచి కొండెక్కితే మూడు గంటల నడక. లెక్కల్లో సాధారణం. ఒకరోజు సమీకరణం చెబుతుంటే చెయ్యెత్తింది.

"మేడమ్, ఆ ఎక్స్ కనపడకుండా ఉంది కదా. దాన్ని ఎందుకు వెతకడం? దాక్కున్నోల్లని వదిలెయ్యొచ్చు కదా."

ఆ ఊళ్ల పిల్ల అడగాల్సిన ప్రశ్నే. సిలబస్‌లో ఉందని చెప్పాను.

బుద్రికి నర్సు కావాలని ఉండేది. వాళ్ల పిన్నిని కాన్పుకి డోలీలో మోసుకొస్తుంటే, రోడ్డు ఇంకా కనపడక ముందే దారిలో పోయింది. డోలీ పక్కన బుద్రి నీళ్లచెంబు పట్టుకుని నడిచింది. అప్పటికి పదేళ్లది. నర్సు కావాలంటే ముందు పది పాసవ్వాలి. అది దాటితేనే మిగతా దారి.

జాబితా

కొత్తగా ఒక ఎస్సై వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు, కోస్తావైపు వాడు. "మేడమ్, మీ పిల్లలకి వాలీబాల్స్, బూట్లు ఇప్పిద్దామని. పిల్లల పేరు, తండ్రి పేరు, ఊరు, ఇలా ఒక లిస్టు రాసివ్వండి చాలు" అన్నాడు. నేను ఒక్క ఊపున రాసిచ్చాను. గళ్లు గీసి, ఊరి వారీగా. తండ్రుల పేర్లు స్పష్టంగా కనపడాలని వాటి కింద ఎర్ర పెన్నుతో గీతలు కూడా గీశాను. అడగకపోయినా.

వాలీబాల్స్ వచ్చాయి, మూడు. బూట్లు కూడా వచ్చాయి, మగవాళ్ల సైజువి.

ఆ కొండలమీది ఊళ్లలో ఏ ఇంట్లో ఎవరున్నారో అప్పటిదాకా ఏ కాగితం మీదా సరిగా లేదు. ఆ లోటు నేను తీర్చాను. ఎనిమిదో రోజునుంచి తండ్రుల్ని ఒక్కొక్కరినే అవుట్‌పోస్టుకు పిలిచారు, అన్నలకు అన్నం పెట్టిందెవరని. బుద్రి తండ్రి దాసుని నాలుగు రోజులు ఉంచారు. తిరిగొచ్చాక అతని కుడిచెయ్యి భుజం దాటి లేవలేదు.

తర్వాతి సంతరోజు తల్లులు వచ్చారు. అరవలేదు, తిట్టలేదు. రేకుపెట్టెలు నెత్తిన పెట్టుకుని పిల్లల్ని వెంటబెట్టుకుని పోయారు. అరవై మూడు మంది. అరిచి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

బుద్రి పుస్తకాలు తెచ్చి నా బల్లమీద పెట్టింది. "పోతన్నాను మేడమ్. ఇవి మీ దగ్గిరే ఉంచండి. దారిలో ఎవులికి ఏటనిపిస్తాదో తెల్దు."

పరీక్షలు ఐదు వారాల్లో ఉన్నాయి.

పై అధికారికి ఫోన్ చేశాను. "పేర్లు హాజరుపట్టీలో ఉంచెయ్యండమ్మా, వాళ్లే వస్తారు" అన్నాడు. చెడ్డవాడు కాదు. కాగితం బాగుంటే పిల్ల బాగున్నట్టేనని మనస్ఫూర్తిగా నమ్మిన మనిషి. ఇలాంటివాళ్లు మీకూ తగులుతారు. వాళ్లతో వాదించకండి, కొండెక్కండి.

కొండెక్కమన్న మాట నాకు చెప్పింది సుక్రమ్మ. ఆ రోజు ఆమె పొయ్యి వెలిగించలేదు.

"ఏటి సేసినావో తెలుసా?"

"మంచికే రాశాను సుక్రమ్మా."

"మంచికే రాసినావు. ఎర్రసిరాతో కూడా రాసినావు. పోలీసోల బల్లమీద ఆ కాయితం ఉంటే మావోలంతా సూసినారు. సదువు రాపోయినా గీత కనపడతాది కదేటి." కొంగు దులిపి లేచింది. "నడు. తప్పు కట్టాల."

తప్పు

అక్కడ తప్పు చేసినవాళ్లు ఊరి నడుమ కూర్చుని, చేసినదేదో తమ నోటితో తాము చెప్పాలి. ఊరు ఏం కట్టాలో తేల్చుతుంది, చాలాసార్లు ఒక మేక, ఒక కుండ జీలుగు కల్లు. దాన్నే తప్పు కట్టడం అంటారు. కట్టేశాక ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. నా సర్వీసులో నేను చాలా విచారణలకు హాజరయ్యాను. అన్నిటికన్నా సవ్యంగా జరిగింది ఇదే.

తేనెపుట్టులో రాళ్లగద్దె దగ్గర కూర్చుని చెప్పాను. గీతల సంగతితో సహా. ఊరిపెద్దని అక్కడ నాయుడు అంటారు. ముసలి నాయుడు చుట్ట వెలిగించి, "మేకనిస్తాదా?" అన్నాడు, నన్ను కాదు, సుక్రమ్మని.

దాసు ముందుకు జరిగాడు. "మేకొద్దు" అన్నాడు. ఎడంచేత్తో నావైపు చూపించాడు. "పది పరీచ్చకి మా ఆడగుంటల్ని ఎలగ తీసికెల్తావు?"

పరీక్ష కేంద్రం ముంచింగిపుట్టులో. బడినుంచి పదమూడు కిలోమీటర్ల రోడ్డు. ఆ రోడ్డుకి అప్పటికి మంచిపేరు లేదు. మందుపాతరలు పెడుతున్నారని బస్సు మానేసింది.

"పోలీసులు వ్యాన్ ఇస్తామన్నారు" అన్నాను.

ఆడవాళ్లంతా ఒక్కసారి నవ్వారు. బుద్రి తల్లి లచ్చిమి నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదు కూడా. "ఓలమ్మా! ఆల బండి ఎక్కితే ఈల్లకి కోపం. ఈల్లు సెప్పిన మాటింటే ఆలకి అనుమానం. ఏటి తెలివే నీది! బియ్యస్సీ సదివినావంటారు."

"నడిచి తీసికెల్లు" అన్నాడు దాసు. "నువ్వు ముందు నడు. మా గుంటలు నీ అడుగులోన అడుగేత్తారు. అదే నీ తప్పు."

సరేనన్నాను. ఆలోచించడం కొండ దిగేటప్పుడు మొదలైంది.

మర్నాడే పదో తరగతి పదకొండు మందీ పెట్టెలతో తిరిగొచ్చారు. మిగతావాళ్లు రాలేదు. నేను మాట నిలబెట్టుకుంటానో లేదో చూస్తున్నారని నాకు అర్థమైంది.

దారి ఎవరిది

పరీక్షలు ఆ ఏడు చైత్రంలో, ఇటుకల పండగలో పడ్డాయి. ఆ పండగకి మగవాళ్లు వేటకు పోతారు. ఉత్తచేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి పరువు తీస్తారు. ఈలోగా ఆడవాళ్లు ఊరి ముందు రోడ్డుకి అడ్డంగా వెదురుకర్ర పట్టుకుని నిలబడతారు. ఎవరొచ్చినా పజోరు ఇచ్చి పోవాలి. పజోరంటే పండగ కానుక: బెల్లమో, చిల్లరో, ఒక పాటో, గుంపుగా ఆడే ధింసా నాట్యం నాలుగడుగులో. కలెక్టరైనా ఇవ్వాల్సిందే. ఆ ఏడు మగవాళ్లు వేటకు పోలేదు. అడవిలో విల్లు పట్టుకుని కనపడ్డవాడిని ఏ పక్షం ఏమనుకుంటుందో చెప్పలేని రోజులు. "మీరు మానుకోండి. మా కర్ర మాత్రం మానం" అన్నారట ఆడవాళ్లు.

బయల్దేరే ముందురోజు ఎస్సై వచ్చాడు. "మేడమ్, వ్యాన్ రెడీ."

"నడిచి వెళతాం సార్. ఆరోగ్యానికి మంచిదట."

"రిస్క్ మేడమ్."

"అందుకే సార్."

నోటుపుస్తకం తీశాడు. "పోనీ, వెళ్లే పిల్లల లిస్టు..."

"లిస్టు లేదు సార్. పదకొండు మంది. దారిలో లెక్కపెట్టుకోవచ్చు."

పరీక్షకు ముందురోజు తెల్లవారుతూనే బయల్దేరాం. ముందు నేను, గొడుగుతో. గొడుగు దేనికి పనికొస్తుందని తీసుకున్నానో ఇప్పటికీ తెలియదు. వెనక నెత్తిన పెట్టెలతో పిల్లలు, చివర సుక్రమ్మ. ఆ రోడ్డు మీద ప్రతి అడుగూ విడివిడిగా వేశాను. అంత శ్రద్ధగా నేను ఏ పాఠమూ చెప్పలేదు.

సగం దూరం దాటాక ఒక కల్వర్టు. దాని మీద మట్టి కొత్తగా కనపడింది. ఆగిపోయాను. కాళ్లు కూడా నాతో ఏకీభవించాయి.

"కదలకండి మేడమ్." బుద్రి. పెట్టె దించి, నా పక్కకొచ్చి వంగి చూసింది. "ఆవులు నిన్న ఇటే వచ్చినాయి. ఇక్కడిదాకా వచ్చి పక్కకి దిగిపోయినాయి. గిట్టలు సూడండి. ఆవులికి తెల్దు. కాపరికి తెలుసు."

రోడ్డు దిగి వాగులోంచి ఆవుల జాడమీద ముందు నడవడం మొదలుపెట్టింది.

"బుద్రీ, నేను ముందు నడుస్తానని మీ నాన్నకి మాటిచ్చాను."

"మా నాన్న రోడ్డు మీద నడవమన్నాడు మేడమ్. ఇది రోడ్డు కాదు."

నా ఇరవై రెండేళ్లలో అంత పక్కా తర్కం ఏ విద్యార్థీ చెప్పలేదు. వాగు దాటి మళ్లీ రోడ్డెక్కాక పక్కకి జరిగింది. "ఇప్పుడు మీరు."

మరో రెండు మలుపుల తర్వాత తేనెపుట్టు దారి కలిసేచోట కర్ర కనపడింది. రోడ్డుకి అడ్డంగా, పండగ చీరల్లో ముప్పై మంది ఆడవాళ్లు. కర్రకి అవతల పోలీసులు, కాలినడకన, పదిహేను మంది దాకా, ముందు మా ఎస్సై. మేం వచ్చే దారినే పైకి వెళ్లడం ఆ రోజు వాళ్ల పని. రోడ్డుమీద పిల్లలు, పోలీసులు ఒకచోట ఉండగా కొండమీంచి ఎవరైనా కాల్పులు మొదలుపెడితే ఏమవుతుందో ఆ ఆడవాళ్లకి ఎవరూ రాసి చెప్పనక్కర్లేదు. తెల్లారినప్పటినుంచి పోలీసుల్ని పండగ పేరుతో అక్కడే ఆపి ఉంచారు.

"డబ్బులిచ్చాం కదమ్మా" అంటున్నాడు ఎస్సై.

"డబ్బులెవులికి కావాల? ఆడు" అంది ఒక ముసలమ్మ. "ఆ లావుపాటోడు సరిగ్గా ఆడలేదు. మల్లీ ఆడాల."

లావుపాటి కానిస్టేబులు తుపాకీ వీపుకి తగిలించుకుని, చెమటలు కక్కుతూ మళ్లీ ధింసా అడుగులేశాడు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లూ పిల్లలున్నవాళ్లే. ఎందుకు ఆడుతున్నారో అందరికీ తెలుసనే నాకనిపించింది.

లచ్చిమి నావైపు తిరిగింది. కర్ర ఎత్తలేదు. "నీ పజోరు?"

"లచ్చిమీ, పరీక్షకి పోతున్నాం."

"తెలుసు. పజోరు ఎట్టు."

సంచీలో వెతికాను. పిల్లల హాల్‌టికెట్లు, బిస్కట్లు, పెన్నులు. ఆమె కర్ర మీదుగా వంగి సంచీలోకి చూసింది. అన్నిట్లోకీ ఒకటి వేలుపెట్టి చూపించింది. "అది."

ఎర్ర పెన్ను.

తీసిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, కొప్పులో గుచ్చుకుంది. అప్పుడు కర్ర లేచింది. పిల్లలు ఒక్కొక్కరే కిందనుంచి వచ్చారు. చివర బుద్రి. నర్సు చదువుకి పోబోయే కూతురితో ఆ తల్లి అన్న మాటలు మొత్తం ఇవి: "తిన్నావేటే? బేగి నడు, ఎండెక్కుతాది."

ఎస్సై పక్కనుంచి వెళుతూ నేను ఆగాను. ఇది చెప్పొచ్చో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు. "సార్, కల్వర్టు దగ్గర రోడ్డు దిగి వాగులోంచి వెళ్లండి. చల్లగా ఉంటుంది." అతను నావైపు చూశాడు. ఎవరు చెప్పారని అడగలేదు. జేబులో నోటుపుస్తకం ఉంది, తీయలేదు. ఆ రోజునుంచి అతనంటే నాకు గౌరవం. సుక్రమ్మ అదే సమయానికి చెప్పులో రాయి తీసుకోవడంలో మునిగిపోయింది.

తర్వాత

పదకొండు మందీ పరీక్ష రాశారు. బుద్రికి లెక్కల్లో ముప్పై ఎనిమిది. ఎక్స్‌ని కనిపెట్టమన్న ప్రశ్న మొత్తం వదిలేసింది. దాక్కున్నవాళ్లని వదిలెయ్యాలన్న తన మాటకు కట్టుబడింది. ఇప్పుడు ఆ కొండల్లోనే ఒక ఆరోగ్య కేంద్రంలో నర్సు. కిందటేడు నేను చూడబోతే, నా బీపీ చూసి, "ఉప్పు తగ్గించండి మేడమ్. ఇది సిలబస్‌లో ఉంది" అంది.

జూన్‌లో బడి తెరిచినప్పుడు, పోయినవాళ్లలో తొమ్మిది మంది రాలేదు. వాళ్ల పేర్లు నాకు తెలుసు. ఎక్కడా రాయను. దాసు చెయ్యి ఇప్పటికీ భుజం దాటి లేవదు. ఆ ఊరికి నేను ఎన్నిసార్లు వెళ్లినా, జాబితా మాట ఒక్కరు, ఒక్కసారి కూడా ఎత్తలేదు. తప్పు కట్టాక ఎత్తకూడదు కదా. ఆ నియమం వాళ్లకి. నాకు లేదు కనుక నేను రాస్తున్నాను.

ఇప్పుడు కొండలు నెమ్మదించాయి. తారురోడ్డు, బస్సు, కాఫీ కొనడానికి వచ్చే కార్లు. మీకు నాకన్నా మంచి బడి దొరుకుతుంది. పిల్లలు మాత్రం వాళ్లే, పళ్లెం మీద చెయ్యి కప్పుకున్నవాళ్ల కూతుళ్లు. వాళ్లకి ధైర్యం నేర్పే పని పెట్టుకోకండి, మీ టైమ్‌టేబుల్‌లో పీరియడ్ వృథా. లెక్కలు నేర్పండి.

ఇక సిగ్నల్. ఉందమ్మా. బడి వెనక గట్టుమీదే టవరు వేశారు, చక్కగా పలుకుతుంది. ఎవరైనా మర్యాదగా ఫోన్ చేసి పిల్లల తండ్రుల పేర్లు రాసిపంపమంటే మాత్రం, ఇక్కడ మాట సరిగా వినపడటం లేదని చెప్పి పెట్టెయ్యండి.